ర్యామ్ కొన్నారు.. ఎర్రర్ పోలేదు!

మార్చి రెండో వారం. ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా బాబాయ్ దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్. బయటికొచ్చి ఫోన్ చేస్తే ఒకటే మాట: “అమ్మాయ్, ఆదివారం ఒక్కసారి గుంటూరు వచ్చిపోతావా? ఈ ఎక్సెల్ నా ఉద్యోగం ఊడగొట్టేట్టుంది.”

బాబాయ్ మిర్చి యార్డు దగ్గర ఓ కమీషన్ దుకాణంలో గుమస్తా. పాతికేళ్లుగా అదే దుకాణం, అదే కుర్చీ. చేతి పుస్తకాలు పోయి కంప్యూటర్ వచ్చినా మనిషి మారలేదు. రైతు టిక్కీలు దించుకుంటాడు, కాటా అవుతుంది, బాబాయ్ ఎక్సెల్‌లో ఓ ఫారం తెరిచి వివరాలు కొడతాడు, పట్టీ ప్రింటవుతుంది. ఆ పట్టీ మీద ఉన్న బరువుకే డబ్బులు. సీజన్‌లో రోజుకి డెబ్బై ఎనభై మంది రైతులు. సాయంత్రం ఆరయ్యేసరికి కౌంటర్ ముందు జనం, వెనకాల షావుకారు.

ఆ ఫారం నాలుగేళ్ల కిందట ఎవరో డిగ్రీ కుర్రాడు మాక్రోతో చేసిచ్చాడట. ఇప్పుడతను ఎక్కడున్నాడో తెలీదు, పాత నంబరు పనిచెయ్యడం లేదు. మొదటి మూడేళ్లు బాగానే నడిచింది. ఈ సీజన్‌లోనే మొదలైంది గొడవ. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి నెమ్మదిస్తుంది, సాయంత్రానికి ‘అవుటాఫ్ మెమరీ’ అంటుంది. ఇంకోసారి ‘ఉన్న రిసోర్సులతో ఈ పని పూర్తి చెయ్యలేను’ అంటుంది. ఎక్సెల్ మూసి మళ్లీ తెరిస్తే కాసేపు సర్దుకుంటుంది.

మెమరీ అంటే ర్యామ్ అనుకుని షావుకారు 4 జీబీ ఉన్న సిస్టమ్‌కి 16 జీబీ వేయించాడు. మరుసటి రోజు సాయంత్రం సరిగ్గా అదే వేళకి అదే ఎర్రర్.

అంతవరకైతే చిరాకే. అసలు సంగతి వేరే. ఒక రైతు పట్టీ తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడట. “గుమస్తాగారూ, నేను తెచ్చింది 31 టిక్కీలు. ఇందులో 24 వేశారేంటి?” ఏడు టిక్కీలంటే, టిక్కీ 40 కిలోలనుకున్నా 280 కిలోలు. క్వింటా 14 వేలనుకుంటే 39 వేల పైమాట. అందరి ముందూ షావుకారు ఒక మాటన్నాడు. ‘పొరపాటా, చేతివాటమా’ అని. బాబాయ్ ఆ మాట నాకు చెప్పేటప్పుడు గోడ వంక చూస్తూ చెప్పాడు.

నా మొదటి అంచనా తప్పింది

ఆదివారం యార్డు సెలవు. దుకాణంలో మేమిద్దరమే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నే కానీ నా పని వేరే లాంగ్వేజ్‌లో. ఎక్సెల్ మాక్రోలు ఇంజినీరింగ్ రోజుల్లో ముట్టుకోవడమే. అయినా ఫైల్ చూడగానే నాకంతా తెలిసిపోయినట్టు ఫీలయ్యా. ఫైల్ సైజు 38 ఎంబీ! కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే కర్సర్ ఎక్కడికో అడుక్కి పోయింది. డేటా మూడు వేల వరసల్లోపే ఉంది. ఎవరో ఎప్పుడో కాలమ్ మొత్తానికి రంగులు, గీతలు పూశారు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలుంటాయి. కింద ఖాళీగా కనిపిస్తున్నా ఫార్మాటింగ్ ఉంటే ఎక్సెల్ వాటినీ మోస్తుంది. ఖాళీ వరసల్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టి సేవ్ చేశా. (సెల్స్‌లో ఉన్నది చెరిపితే చాలదు, వరసల్నే తీసెయ్యాలి.) 38 ఎంబీ కాస్తా 6 ఎంబీ అయింది. ఫైల్ చిటికెలో తెరుచుకుంది. బాబాయ్ మొహంలో వెలుగు.

పాత ఎంట్రీలు ముందేసుకుని ఒక్కొక్కటే మళ్లీ కొట్టడం మొదలెట్టాం. నలభై దాటాక మళ్లీ ‘అవుటాఫ్ మెమరీ’.

బాబాయ్ ఏమీ అనలేదు. టీ తెస్తానని బయటికెళ్లాడు.

ఫైల్ బరువు ఒక జబ్బు, ఈ ఎర్రర్ ఇంకో జబ్బు. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయంతే. పొద్దున బాగుండి సాయంత్రం చెడుతోందంటే, రోజంతా ఏదో పోగవుతోందన్నమాట. ఆ ముక్క బాబాయ్ ఫోన్లోనే చెప్పాడు. నేనే వినిపించుకోలేదు.

ఏ మెమరీ అయిపోయింది?

ఈ ఎర్రర్‌లో ‘మెమరీ’ అన్న పదమే మనల్ని దారి తప్పిస్తుంది. మెషీన్‌లో ఉన్న ర్యామ్ అంతా ఒక ప్రోగ్రామ్‌కే దక్కదు. దుకాణంలో ఉన్నది ఎక్సెల్ 2010, 32-బిట్. 32-బిట్ ప్రోగ్రామ్‌కి విండోస్ మామూలుగా ఇచ్చే చోటు 2 జీబీ. గోడౌన్‌లో పదహారు గదులున్నా మీ పేరున రాసిచ్చినవి రెండే అయితే, మీ సరుక్కి ఆ రెండే. మిగతా పద్నాలుగూ ఖాళీగా ఉన్నా తాళం మీ చేతిలో ఉండదు. 16 జీబీ ర్యామ్ ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడర్థమైంది కదా.

(2016లో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. దాంతో 64-బిట్ విండోస్ మీద నడిచే 32-బిట్ ఎక్సెల్ 2016కి 4 జీబీ దాకా చోటు దొరికింది. ఆఫీస్ 2019 నుంచి ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా 64-బిట్టే పడుతుంది. మీదేదో తెలియాలంటే ఫైల్ మెనూలో అకౌంట్, అందులో అబౌట్ ఎక్సెల్ నొక్కండి. పైన వరసలోనే రాసుంటుంది.)

చోటు ఒక్కటే కాదు, ఇంకో కోటా కూడా ఉంది. తెర మీద కనిపించే ఫాంట్లు, బొమ్మలు, బ్రష్‌లు లాంటివాటిని విండోస్ ‘జీడీఐ ఆబ్జెక్ట్‌లు’ అంటుంది. ఒక ప్రోగ్రామ్ మామూలుగా వీటిని 10,000 దాకానే పెట్టుకోగలదు. ఆ కోటా నిండితే ర్యామ్ ఎంతున్నా ఫారాలు సగం సగం కనిపిస్తాయి, బటన్లు నల్లగా మారతాయి. ఇదేం కొత్త రోగం కాదు. విండోస్ 3.1 రోజుల్లో ఈ గ్రాఫిక్స్ వస్తువులకి కేటాయించిన చోటు 64 కేబీయే. ర్యామ్ బోలెడంత మిగిలుండగానే ‘మెమరీ చాలదు’ అనేది. ముప్పై ఏళ్లయినా మెసేజ్ రాసేవాళ్లు ఆ తేడా చెప్పడం నేర్చుకోలేదు. ఏది నిండిందో చెప్తే ఏం పోతుందో!

మెసేజ్ చెప్పనిది టాస్క్ మేనేజర్ చెప్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లండి. పైన కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘సెలెక్ట్ కాలమ్స్’లో జీడీఐ ఆబ్జెక్ట్స్, కమిట్ సైజ్ రెండూ టిక్ పెట్టండి. ఇప్పుడు ఫారం తెరవండి, మూయండి. అలా పదిసార్లు. తెరిచినప్పుడు అంకె పెరగాలి, మూసినప్పుడు దాదాపు పాత చోటుకి రావాలి.

మాకు రాలేదు. ఒక్కో రైతుకీ జీడీఐ లెక్క ముప్పై చిల్లర పెరుగుతోంది, తగ్గట్లేదు. కమిట్ సైజ్ నలభై ఎంబీ దాకా ఎక్కుతోంది, దిగట్లేదు. జీడీఐ అంకె 10,000కి దరిదాపుల్లో కూడా లేదు, కాబట్టి నిండుతున్న కోటా అది కాదు. నిండుతున్నది ఆ 2 జీబీ. బాబాయ్ కుర్చీ ముందుకు లాక్కుని ఆ అంకెల వంకే చూస్తున్నాడు. “ఇది మన కోల్డ్ స్టోరేజీ లాగుందే. సరుకు లోపలికెళ్తోంది కానీ బయటికి రావట్లేదు,” అన్నాడు.

మూసిన ఫారం మూతపడలేదు

కోడ్ తెరిచా. బరువుల ఫారం అని ఒకటుంది. దాంట్లో టిక్కీ టిక్కీకి ఒక టెక్స్ట్ బాక్స్, పక్కన కాటా చీటీ ఫొటో. కాటా దగ్గర కుర్రాడు ట్యాబ్‌లో బరువులు కొట్టి, రాతచీటీ ఫొటో తీసి పంపిస్తాడు. బరువులు వాటంతటవే బాక్సుల్లో పడతాయి. బాబాయ్ ఫొటోతో పోల్చి చూసుకుని ‘సరే’ నొక్కుతాడు. మంచి ఏర్పాటే.

కానీ ప్రతి రైతుకీ కోడ్ ఒక కొత్త బరువుల ఫారం పుట్టిస్తోంది. ‘సరే’ నొక్కితే దాన్ని ‘హైడ్’ చేస్తోంది. హైడ్ అంటే కనపడకుండా దాయడమే. ఫారం, దాని బాక్సులు, ఫొటో అన్నీ లోపల అలాగే ఉంటాయి. తీసెయ్యాలంటే ‘అన్‌లోడ్’ అని రాయాలి. అంటే సాయంత్రానికి బాబాయ్ కళ్లకి కనపడకుండా నలభై యాభై ఫారాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటున్నాయి.

మరి మూడేళ్లు ఎలా నడిచింది? ఈ సీజన్‌కి ముందు కాటా కుర్రాడికి కొత్త ఫోన్ కొనిచ్చారు. 12 మెగాపిక్సెల్ కెమెరా. ఫొటో ఫైల్ చూస్తే మూడు నాలుగు ఎంబీలే. కానీ జేపెగ్ అనేది మడతపెట్టి ఉంచిన బట్ట లాంటిది. తెర మీద చూపించాలంటే మడత విప్పాల్సిందే. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు. 36 ఎంబీ! 2 జీబీలో ఎక్సెల్, విండోస్ లైబ్రరీలు తినేది తీసేస్తే, అలాంటివి నలభై యాభై పట్టేసరికి గది నిండిపోతుంది. మేం ఆగిపోయింది కూడా అక్కడే.

హైడ్ తీసి అన్‌లోడ్ పెట్టా. ఫొటో తాలూకు నలభై ఎంబీ దిగింది కానీ అంకె పూర్తిగా పాత చోటుకి రాలేదు. ఇంకా కొంచెం కొంచెం మిగులుతోంది. దీనికి మాత్రం గంటన్నర పట్టింది.

బాక్సుల్లో అంకె మారగానే మొత్తం లెక్కేసేందుకు ఆ కుర్రాడు ప్రతి బాక్సుకీ ఒక క్లాస్ ఆబ్జెక్ట్‌ని కాపలా పెట్టాడు. తెలివైన పనే, నాకు ముచ్చటేసింది. అయితే ఫారం దగ్గర ఆ కాపలాదారులందరి జాబితా ఉంది, ప్రతి కాపలాదారు దగ్గరా తిరిగి ఫారం చిరునామా ఉంది. వీబీఏ ఒక ఆబ్జెక్ట్‌ని ఎప్పుడు వదిలేస్తుందంటే, దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేనప్పుడు. లెక్క సున్నా అవ్వాలి. ఇక్కడ ఫారం కాపలావాణ్ని పట్టుకుంది, కాపలావాడు ఫారాన్ని పట్టుకున్నాడు. లెక్క ఎప్పటికీ సున్నా అవ్వదు.

బాబాయ్‌కి చెప్పాల్సొచ్చింది. “నీ బాండు నా దగ్గర, నా బాండు నీ దగ్గర ఉన్నాయనుకో బాబాయ్. ముందు నువ్విస్తే నేనిస్తానని ఇద్దరం కూర్చుంటే, కోల్డ్ స్టోరేజీలో ఇద్దరి సరుకూ కదలదు.”

“అయితే ఒకడి చేతిలోంచి లాక్కోవాల్సిందే,” అన్నాడు. కరెక్టే. అన్‌లోడ్‌కి ముందు నాలుగు లైన్లు రాశా. ప్రతి కాపలాదారు దగ్గరున్న ఫారం చిరునామాని ‘నథింగ్’ చెయ్యడం, జాబితాని ‘నథింగ్’ చెయ్యడం, ఫొటోని ఖాళీ చెయ్యడం. ఈసారి పది సార్లు తెరిచి మూసినా అంకె మొదటి చోటుకే వచ్చి ఆగింది. కాటా కుర్రాడి ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో సైజు తగ్గించమని కూడా చెప్పాం. 1200 బై 900 పెడితే విప్పిన ఫొటో 3 ఎంబీ చిల్లర. చీటీ చదవడానికి అది చాలు.

64-బిట్ ఎక్సెల్ వేసేస్తే ఈ బాధ లేదు కదా అని మా టీమ్‌లో ఒకబ్బాయి అన్నాడు. గది పెద్దదవుతుంది నిజమే. కానీ లీకు లీకే. పదిహేను రోజుల్లో కాకపోతే నెలకి నిండుతుంది. పైగా ఆ ఫారంలో పాత క్యాలెండర్ కంట్రోల్ ఒకటుంది, అది 64-బిట్‌లో రాదు. విండోస్‌ని నేరుగా పిలిచే లైన్లన్నిటికీ ‘పీటీఆర్ సేఫ్’ తగిలించాలి. సీజన్ మధ్యలో ఆ ప్రయోగం వద్దనుకున్నా.

24 టిక్కీల సంగతి

ఎర్రర్ పోయింది. కానీ నా బుర్రలో 31, 24 తిరుగుతూనే ఉన్నాయి. మెమరీ అయిపోతే ప్రోగ్రామ్ ఆగిపోవాలి. తప్పు బరువు ఎలా ఇచ్చింది?

జవాబు ఒక్క లైన్‌లో ఉంది. బరువుల ఫారం తెరిచే ప్రొసీజర్‌లో మొట్టమొదట్లోనే: ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’. ఎర్రర్ వస్తే పట్టించుకోకుండా తర్వాతి లైన్‌కి పొమ్మని. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది వరంలా కనిపిస్తుంది, ఎర్రర్ బాక్సులు మాయమవుతాయి. నేనూ సెకండియర్ ల్యాబ్‌లో ఇలాంటిదే రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, ఆ కుర్రాణ్ని తిట్టే మొహం నాకు లేదు.

జరిగింది ఇది. మెమరీ నిండింది. ‘కొత్త ఫారం పుట్టించు, దాన్ని ఈ వేరియబుల్‌లో పెట్టు’ అన్న లైన్ ఫెయిలైంది. ఫెయిలైతే వేరియబుల్ ఖాళీ అవ్వదు, అంతకుముందు ఏముందో అదే ఉంటుంది. అంటే ముందు రైతు ఫారం. దాచిపెట్టినా బతికే ఉంది కదా. తర్వాతి లైన్లలో కొత్త బరువులు నింపడం, కొత్త ఫొటో ఎక్కించడం కూడా మెమరీ లేక ఫెయిలయ్యాయి, అవీ చప్పుడు చెయ్యకుండా. చివర్లో ‘చూపించు’ అన్న లైన్ మాత్రం పనిచేసింది. పాత ఫారం తెర మీదకొచ్చింది, పాత బరువులు, పాత ఫొటోతో సహా.

బాబాయ్ ఎప్పట్లాగే ఫొటోతో బరువులు పోల్చుకున్నాడు. సరిపోయాయి. ఎందుకు సరిపోవు? రెండూ ఒకే రైతువి. చీటీ మీద పేరుండదు, లాట్ నంబరు మూలన సన్నగా ఉంటుంది. ఏడింటికి, ఎదురుగా ఇరవై మంది నిలబడి ఉండగా, ఆ మూల ఎవరు చూస్తారు?

బాబాయ్‌కి అదే స్క్రీన్ మీద మళ్లీ చేసి చూపించా. పాత ఫైల్ కాపీలో నలభై ఎంట్రీలు కొట్టాక కొత్త పేరుకి పాత బరువులొచ్చాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. “నేను సరిచూశాను, కదా?” అన్నాడు. “సరిచూశావు బాబాయ్,” అన్నా.

ఆ లైన్ తీసేసి ‘ఆన్ ఎర్రర్ గోటూ’ పెట్టా. ఏ లైన్లో తేడా వచ్చినా ఎంట్రీ సేవ్ అవ్వకుండా ఆగిపోయి, ఎర్రర్ నంబరు, లాట్ నంబరు వేరే షీట్‌లో రాస్తుంది. ఫారం పైన రైతు పేరు, ఊరు, లాట్ నంబరు పెద్ద అక్షరాల్లో వచ్చేలా చేశా. చెక్ చేసుకోవడానికి అది కోడ్ కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మాక్రో ఫారాలతో కుస్తీ పట్టేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ఒకే ప్రొసీజర్‌ని వేల లైన్లు రాసుకుంటూ పోతే అది కంపైలయ్యాక 64 కేబీ దాటి ‘ప్రొసీజర్ టూ లార్జ్’ అంటుంది. దానికి మందు విడగొట్టడమే. ఒక్కోసారి తప్పు మీది కాకపోవచ్చు కూడా. 2014 డిసెంబర్‌లో వచ్చిన ఆఫీస్ అప్‌డేట్ తర్వాత చాలామంది షీట్ల మీద బటన్లు ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేశాయి. టెంప్ ఫోల్డర్‌లో ‘ఈఎక్స్‌డీ’ అనే పాత ఫైళ్లు తీసేస్తే దారికొచ్చాయి. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగితే, కోడ్ ముట్టుకునే ముందు ఏం మారిందో అడగండి. మా విషయంలో మారింది కాటా కుర్రాడి ఫోన్.

సోమవారం పొద్దున షావుకారు వచ్చాడు. చూపించా. ఆయనకి కోడ్ అర్థం కాకపోయినా కళ్ల ముందు తప్పు బరువు రావడం అర్థమైంది. బాబాయ్ వంక తిరిగి ఏదో అనబోయి, “టీ చెప్పు” అన్నాడు. అంతే. దానికి నాకు కొంచెం కోపంగానే ఉంది.

అప్పుడు బాబాయే అడిగాడు: “అతను చూసుకున్నాడు కాబట్టి తెలిసింది. చూసుకోనివాళ్ల సంగతేంటి?”

నాకా ఆలోచనే రాలేదు. సీజన్ మొదలైనప్పట్నుంచీ ఉన్న వరసలన్నీ తీసి, పక్కన ఒక కాలమ్‌లో చిన్న ఫార్ములా రాశా. ఈ వరసలో బరువులు, పై వరసలో బరువులు అన్నీ ఒకటేనా అని. ఇరవై ముప్పై టిక్కీల బరువులు వంద గ్రాములతో సహా వరసగా ఇద్దరు రైతులకి కలవడం జరిగే పని కాదు. మూడు చోట్ల కలిశాయి. ఇద్దరికి తక్కువ పడింది, ఒకరికి ఎక్కువ.

షావుకారు ఆ మూడు వరసల వంక చాలాసేపు చూశాడు. తక్కువ పడినవాళ్లని పిలిపించి ఇచ్చేద్దాం అన్నాడు, ఎక్కువ పడిన ఆయన్ని మాత్రం నువ్వే మాట్లాడు అన్నాడు. కాసేపాగి నా వంక తిరిగి, “అయితే అమ్మాయ్, ఆ ర్యామ్ తీసి వెనక్కిచ్చేస్తే షాపువాడు తీసుకుంటాడంటావా?” అనడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే, బాబాయ్ పాత పట్టీల కట్ట ముందేసుకుని మొదటి నంబరుకి అప్పటికే ఫోన్ కలిపేశాడు.